తీయబడును

కళాకారుల పింఛనుకు అర్జీ పెట్టాలంట.
ఏడో గడిలో ఉంది:
"పని చేయుచుండగా తీసిన ఫోటో ఒకటి."
హుసేన్ పీరా ఆ కాగితం నా కౌంటరు మీద పరిచి
వేలు ఆ గడి మీదే ఉంచి నిలబడ్డాడు.
"పని ఉంటే కదమ్మా, చేస్తాండంగ తీసేది."

ఫ్లెక్సీ మిషను కడపకొచ్చి చాన్నాళ్లయింది.
ఎర్రముక్కపల్లెలో ఆయన చేతిరాత రెండుచోట్ల మిగిలింది.
మూతబడిన సైకిల్ షాపు నొసటి మీద ఒకటి,
ఇచట మూత్రము పోయరాదు, ఇంకొకటి.
రెండోదాన్ని ఎవరూ చదవరు, ఎవరూ చెరపరు.

ముందు పాత రేకు ముందు కూర్చోబెట్టి
ఉత్త కుంచె చేతికిచ్చా.
ఆ చేతికి నటన రాలేదు.
కట్టుపుల్ల పట్టుకున్న రోగిలా
కుంచె పట్టుకుని నావైపు చూశాడు.
"గడ్డం కొంచెం పైకి" అని రోజంతా అనే నా నోరు
మూసుకుపోయింది.

అప్పుడు స్టూడియో తలుపు అద్దం చూపించా.
దీని మీద రాయండి, కూలి ఇస్తా.
"ఏం రాయాల?"
ఎప్పుడూ రాసేదే.

అద్దం మీద రాత లోపలి నుంచి రాయాలి,
వానకీ వేళ్లకీ అందకుండా.
వీధికి తిన్నగా, రాసేవాడికి తిరగేసి.
కుడి నుంచి ఎడమకు కదిలాడు.
"మాకు ఉర్దూ అలవాటేలేమ్మా" అని నవ్వి
తలకట్టు కొనని రెండోవైపుకు తిప్పాడు.
ఎనామిల్ వాసన. మోచేతి కింద ఊతకర్ర.
పెదాలు మాత్రం అక్షరాన్ని తిన్నగానే పలుకుతున్నాయి.

నేను బయట, మెట్టు మీద,
వీపున మే నెల ఎండ.

పందొమ్మిదేళ్లుగా ఈ పేట ముఖాలు తీస్తున్నా,
రేషన్ కార్డుకి, హాల్ టికెట్టుకి,
పోయినవాళ్లని గ్రూప్ ఫోటోలోంచి వేరుచేసి దండకి.
నన్ను నేను ఒక్కసారి తీసుకోబోయా.
టైమర్ పెట్టి పరుగెత్తి స్టూలెక్కితే
పది అంకెలు లెక్కపెడుతున్న ముఖం వచ్చింది,
ఇంకేమీ రాలేదు.

ఫైండర్లో కన్ను పెడితే పీరా లేడు.
అద్దం నిండా వీధి.
ఆటో, కరెంటు తీగెలు, పుచ్చకాయల బండి,
మధ్యలో ముఖం బదులు కెమెరా ఉన్న ఒక ఆడమనిషి.
విసుగొచ్చి ఒక అడుగు దగ్గరికి జరిగా.
ముదురు నీలం చీర నాది. ఆ చీర మేర
ఎండ ఆగిపోయి
అద్దం లోపలికి తెరుచుకుంది.
అక్కడ, నా భుజం అంచుల మధ్య,
పీరా ముఖం, కుంచె, చెమట బొట్టుతో సహా.
నేను పక్కకి జరిగితే ఆయన చెరిగిపోతాడు.
జరగలేదు. నొక్కా.

రాత ముగిసింది: ఇక్కడ ఫోటోలు తీయబడును.
ఎవరిచేత అన్నది ఆ మాటలో లేదు.
ఈ ఊళ్లో ఏ బోర్డు మీదా లేదు.
చదివినప్పుడల్లా ఎవరూ లేని గదిలో
వాటంతటవి తీయబడుతున్నట్టు ఉంటుంది.

ఆఫీసులో గుమాస్తా ఫోటోని వెలుతురుకెత్తి
"ఇందులో ఇద్దరున్నారే, కళాకారుడెవరు?" అన్నాడంట.
ఒక్కరే ఉండాలంట. తిప్పి పంపాడు.

రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని
నన్ను తీసేయబోయా.
కొంగు అంచు చెరిపితే ఆయన చెవి పోయింది.
భుజం చెరిపితే ఆ మేరంతా ఆకాశం వచ్చి
కుంచెని మింగింది.
వెనక్కి తెచ్చి అలాగే దాచా.

మర్నాడు పాత రేకు ముందే మళ్లీ కూర్చోబెట్టి
అబద్ధం ఫోటో ఒకటి తీసిచ్చా. దానికి ముద్ర పడింది.

ఆ మొదటిది పెద్దది చేయించి చూపిస్తే
కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.
తన ముఖాన్ని కాదు, నన్నూ కాదు.
"'డు' కొమ్ము కాస్త జారింది సూడు.
రేపొచ్చి దిద్దుతా,
కూలి వద్దులే."